అమ్మ కంట్లో ఏ లెన్సు వేయాలో అమ్మనే అడగండి

శుక్లాల ఆపరేషన్ చేయాలని డాక్టర్ తేల్చాక చాలా ప్రైవేటు కంటి ఆసుపత్రుల్లో మనల్ని పక్క గదికి పంపుతారు. అక్కడ కౌన్సెలర్ ఒక కాగితం మన ముందు పెడతారు. ఎడమ వైపు లెన్సుల పేర్లు, కుడి వైపు ధరలు. మొదట ఒకే దూరానికి పనిచేసే మోనోఫోకల్, అందులో స్వదేశీ, విదేశీ. తర్వాత కంటి ముందు పొర వంపులోని తేడాను కూడా సరిచేసే టోరిక్. చిట్టచివర రెండు మూడు దూరాలకు పనిచేసే మల్టీఫోకల్, ట్రైఫోకల్. వరుస దిగేకొద్దీ ధర పెరుగుతూ పోతుంది. చివరి లెన్సు ధర మొదటిదానికి కొన్ని రెట్లు ఉంటుంది. "ఇది వేయించుకుంటే ఇక కళ్లజోడుతో పనే ఉండదండీ" అంటూ ఆ చివరి వరుస మీద వేలు పెడతారు. వెంటనే ఫోను అమెరికాకో బెంగళూరుకో వెళుతుంది. "డబ్బు గురించి ఆలోచించకండి, అన్నిటికంటే మంచిది వేయించండి" అని కొడుకో కూతురో అంటారు. నిర్ణయం జరిగిపోతుంది. కన్ను ఎవరిదో ఆ మనిషి మాత్రం నోరు విప్పలేదు, ఎవరూ అడగనూ లేదు.

నా అభ్యంతరమంతా ఈ తీరు మీదే. మల్టీఫోకల్ లెన్సు గొప్ప ఆవిష్కరణ, దాంతో సంతోషంగా ఉన్నవాళ్లను నేను దగ్గర నుంచి చూశాను. కానీ ఆ ధరల పట్టిక చూసినవారికి అడుగున ఉన్నది పైవాటికంటే మేలైనదని, స్తోమత లేనివాళ్లే పైవాటితో సరిపెట్టుకుంటారని అనిపిస్తుంది. అది నిజం కాదు. మల్టీఫోకల్ వేయించుకోవడమంటే ఒక బేరానికి ఒప్పుకోవడం. కళ్లజోడు నుంచి స్వేచ్ఛ తీసుకుంటాం, బదులుగా చూపులోని నాణ్యతలో కొంత వదులుకుంటాం. కొందరికి ఈ బేరంలో బ్రహ్మాండమైన లాభం. కొందరికి అది రోజూ బాధపెట్టే నష్టం. ఎవరికి ఏది అన్నది ఆ మనిషి పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా కళ్లతో ఏం చేస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. పిల్లల సంపాదనకు దాంతో సంబంధం లేదు.

ఎందుకో చెప్పాలంటే లెన్సు చేసే పని గురించి కొంచెం చెప్పాలి. పుట్టుకతో వచ్చిన మన కంటి లెన్సు మెత్తగా ఉంటుంది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు దాని చుట్టూ ఉన్న కండరం బిగిసి, లెన్సు కాస్త లావెక్కుతుంది. దూరం చూసేటప్పుడు పలచబడుతుంది. నలభై దాటాక లెన్సు గట్టిపడి ఈ పనికి మొరాయిస్తుంది. దాన్నే చత్వారం అంటాం. మరింత వయసొచ్చాక అదే లెన్సు మసకబారితే శుక్లం. ఆపరేషన్‌లో దాన్ని తీసేసి, సుమారు ఆరు మిల్లీమీటర్ల వెడల్పున్న కృత్రిమ లెన్సును అమరుస్తారు. మోనోఫోకల్ అయితే వచ్చిన వెలుగునంతా ఒకే దూరానికి కేంద్రీకరిస్తుంది. సాధారణంగా దూరపు చూపుకు పెడతారు కాబట్టి చదవడానికి కళ్లజోడు కావాలి.

మల్టీఫోకల్ కూడా లావెక్కదు, పలచబడదు. పడుచు వయసు చూపు తిరిగి వస్తుందని చెప్పేవాళ్లు ఈ సంగతి చెప్పరు. ఎక్కువ రకాల్లో ఆ లెన్సు మీద అతి సన్నని వలయాలు మెట్లుమెట్లుగా చెక్కి ఉంటాయి. లోపలికి వచ్చిన వెలుగును అవి వాటాలు వేస్తాయి. రెండు దూరాలకు పనిచేసే పాత తరహా డిఫ్రాక్టివ్ (ఇలా వలయాలతో వెలుగును పంచే) లెన్సులో దాదాపు 41 శాతం వెలుగు దూరానికి, మరో 41 శాతం దగ్గరికి పోతుంది. మిగిలిన 18 శాతం ఎటూ ఉపయోగపడకుండా చెదిరిపోతుంది. ఇప్పటి ట్రైఫోకల్ లెన్సుల్లో ఈ వృథా తగ్గింది, కంప్యూటర్ దూరానికి కూడా ఒక వాటా దక్కింది. అయినా పంపకం పంపకమే. కంటి వెనక తెరలాంటి రెటీనా మీద ఎప్పుడూ రెండు మూడు బొమ్మలు ఒకదానిపై ఒకటి పడుతూ ఉంటాయి. ఒకటి స్పష్టంగా, మిగిలినవి మసకగా. స్పష్టమైనదాన్ని పట్టుకుని మసకవాటిని పక్కన పెట్టడం మెదడు నేర్చుకోవాలి. కొందరికి వారాల్లో పట్టుబడుతుంది. కొందరికి ఆరు నెలలు, ఏడాది పడుతుంది. ఎప్పటికీ పట్టుబడనివాళ్లూ ఉన్నారు.

రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపించేది కూడా ఇందుకే. ఎదురుగా వస్తున్న లారీ లైటును తీసుకోండి. దూరపు వాటాలో పడ్డ వెలుగు రెటీనా మీద ఒక చుక్కగా నిలుస్తుంది. అదే లైటు నుంచి దగ్గరి వాటాకు పోయిన వెలుగు ఫోకస్ తప్పి, ఆ చుక్క చుట్టూ వెడల్పాటి మసక వృత్తంగా పరుచుకుంటుంది. పగలు పరిసరాలన్నీ వెలుగుతో నిండి ఉంటాయి కాబట్టి అది తెలియదు. చీకట్లో కంటిపాప విప్పారుతుంది, నేపథ్యం నల్లగా ఉంటుంది, వృత్తం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దీన్ని తయారీ లోపమని గానీ డాక్టర్ చేతి తప్పని గానీ అనలేం. లెన్సు తాను చేయాల్సిన పని సరిగ్గా చేస్తున్నందువల్లే అది వస్తుంది. ఆపరేషన్‌కు ముందు ప్రతి మనిషికీ ఇంత మాత్రం వివరించడానికి ఎంతసేపు పడుతుంది?

మా వీధిలో ఉండే ఒకాయనకు ఎవరూ వివరించలేదు. వ్యాపారం పని మీద విజయవాడ, హైదరాబాద్ మధ్య తరచూ రాత్రిపూట స్వయంగా కారు నడుపుకుంటూ వెళ్లే మనిషి. రెండు కళ్లకూ ఖరీదైన లెన్సులే వేయించుకున్నారు. పగలు అంతా బాగుంది. పేపరు చదువుతారు, ఫోను చూస్తారు. సూర్యాపేట దాటాక చీకటి పడితే మాత్రం డివైడర్ అవతల వచ్చే ప్రతి లైటు చుట్టూ సాలెగూడు అల్లినట్టు గీతలు, గుండ్రాలు. రెండు లైట్లు దగ్గరగా వస్తే ఆ గూళ్లు కలిసిపోయి, మధ్యలో బైకు ఉందో లేదో తెలియదు. ఆసుపత్రికి వెళ్లి చెబితే బోర్డు చదివించారు. చివరి వరుస దాకా చదివారు. "మీకు 6/6 వస్తోందండీ, ఇంకేం కావాలి?" అన్నారట. ఆయన ఇప్పుడు రాత్రి ప్రయాణాలకు డ్రైవర్‌ను పెట్టుకున్నారు. వలయాల కంటే ఆయనను ఎక్కువ బాధించింది తన మాట ఎవరూ నమ్మకపోవడం. ఆసుపత్రి కాగితాల్లో ఆయనది విజయవంతమైన ఆపరేషన్. ఆయన దృష్టిలో కాదు. ఈ రెండింటి మధ్య దూరాన్ని లెక్కలోకి తీసుకోని సంతృప్తి గణాంకాలను నేను నమ్మను.

6/6 అన్నది మంచి కొలతే, కాకపోతే చాలా ఇరుకు కొలత. బాగా వెలుగున్న తెల్లటి బోర్డు మీద చిక్కటి నల్లటి అక్షరాలు ఎంత చిన్నవి చదవగలమో అది చెబుతుంది. బతుకు ఆ బోర్డులా ఉండదు. కంటికి రెండో సామర్థ్యం ఒకటుంది: దాదాపు ఒకే రంగులో ఉన్న రెండింటిని విడదీసి చూడగలగడం. సాయంత్రం మసకలో బూడిద రంగు మెట్టు అంచు, గర్భగుడిలో నూనె దీపం వెలుగులో గడప, వెండి రంగు మాత్రల అట్ట మీద లేత అక్షరాల్లో గడువు తేదీ. దీన్ని కొలవడానికి 1988లోనే పెల్లి, రాబ్సన్ అనే పరిశోధకులు ఒక పట్టిక తయారుచేశారు. అందులో అక్షరాల పరిమాణం మారదు, వరుస మారేకొద్దీ నలుపు పలచబడుతూ చివరకు కాగితంలో కలిసిపోతుంది. వెలుగును పంచే లెన్సు వేసినప్పుడు దెబ్బతినేది ముఖ్యంగా ఈ సామర్థ్యమే. మన ఆసుపత్రుల్లో మామూలు పరీక్షలో ఈ పట్టిక కనిపించడం అరుదు.

తెలుగు చదివేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యమని నా వాదన. ద, ధ, థ అక్షరాలను పక్కపక్కన పెట్టి చూడండి. తేడా అంతా కింద ఒక చిన్న గీతలో, కడుపులో ఒక చుక్కలో ఉంది. అక్షరం కింద ఒత్తు, దాని పక్కన ఇంకో ఒత్తు, అవి అసలు అక్షరంలో సగం కూడా ఉండవు. దాన్ని న్యూస్‌ప్రింట్ కాగితం మీద పలచటి సిరాతో అచ్చు వేస్తే, పంచాంగంలో తిథి నక్షత్రాల పట్టికలా కుక్కి కూర్చితే, నలుపు తెలుపుల మధ్య తేడా ఎంత మిగులుతుంది? ఆసుపత్రిలో దగ్గరి చూపు పరీక్షించే అట్ట మెరిసే తెల్లటి కాగితం మీద ఉంటుంది. పంచాంగం ఇంట్లో ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు రోజూ చదివే పుస్తకాన్ని వెంట తీసుకువెళ్లి, "నేను చదివేది ఇదండీ, ఇంత దూరంలో పట్టుకుంటాను, ఇంత వెలుగులో" అని డాక్టర్‌కు చూపించమని నేను అందరికీ చెబుతాను.

మా అమ్మ అదే చేసింది. ఆమె తెలుగు టీచరుగా రిటైరైంది. ఎనిమిదో తరగతి నుంచి కళ్లజోడు, మైనస్ మూడు దాకా పవరు. అలాంటివాళ్లకు ఒక వరం ఉంటుంది. కళ్లజోడు తీసేస్తే దగ్గరివి హాయిగా కనిపిస్తాయి. రాత్రి మంచం మీద పక్కకు తిరిగి పడుకుని, కళ్లజోడు దిండు పక్కన పెట్టి, పుస్తకాన్ని ముఖానికి జానెడు దూరంలో పట్టుకుని చదవడం అమ్మకు జీవితకాలపు అలవాటు. న్యూజెర్సీలో ఉన్న అన్నయ్య ట్రైఫోకల్ వేయించమన్నాడు. కౌన్సెలర్ కూడా అదే అన్నారు. అమ్మ విన్నదంతా విని, "దూరానికి అద్దాలు పెట్టుకోవడం నాకు బరువేమీ కాదమ్మా, చిన్నప్పటి నుంచీ ఉన్నదే. పుస్తకం మాత్రం అద్దాలు లేకుండా చదువుకోవాలి. అలా కుదురుతుందా?" అని అడిగింది. కుదురుతుంది. మోనోఫోకల్ లెన్సునే దూరానికి బదులు దగ్గరి చూపుకు సరిపోయే పవరులో వేయవచ్చు. ఆ పట్టికలో ఈ మాట ఎక్కడా లేదు. డాక్టర్‌ను అడిగితే వెంటనే ఒప్పుకున్నారు, పైగా మంచి ఆలోచన అన్నారు. అమ్మ ఇప్పుడు టీవీకి, బజారుకు కళ్లజోడు పెట్టుకుంటుంది. పుస్తకానికి తీసేస్తుంది. అన్నిటికంటే తక్కువ ధర లెన్సుతో ఆమెకు కావాల్సిన చూపు దొరికింది. ఆమె నోరు తెరిచి అడిగింది కాబట్టి దొరికింది.

మరోవైపు మా మావయ్య. చీరాలలో బట్టల కొట్టు. కౌంటరు మీద పరిచిన చీర నేత, దాని మూలనున్న చిన్న చీటీ, ఎదురుగా కూర్చున్న కొనుగోలుదారు ముఖం, అటక మీది తానులు, ఫోనులో డబ్బు వచ్చిందో లేదో తెలిపే సందేశం. నిమిషానికి నాలుగు దూరాలు చూడాలి. ఎండాకాలం చెమటకు కళ్లజోడు ముక్కు మీద నిలిచేది కాదు. రాత్రి కారు నడిపే పని లేదు. కొట్టు నిండా ట్యూబులైట్లే. ఆయనకు ట్రైఫోకల్ వేశారు. దీపాల చుట్టూ వలయాలు ఆయనకూ కనిపిస్తాయట, అడిగితే తప్ప గుర్తురావు. తనకు మళ్లీ ప్రాణం పోశారన్నంత సంతోషంగా చెబుతారు. ఆ సంతోషంలో అతిశయం ఏమీ లేదు. చిన్నతనం నుంచి కళ్లజోడు మోసినవాళ్లకు, పొయ్యి దగ్గర ఆవిరికి అద్దాలు మసకబారి విసిగిపోయినవాళ్లకు ఈ స్వేచ్ఛ విలువ ఎంతో బయటివాళ్లు చెప్పలేరు. మల్టీఫోకల్ పేరెత్తితేనే వద్దనే డాక్టర్లు కూడా మనిషిని అడగకుండానే నిర్ణయిస్తున్నారు. కౌన్సెలర్ చేసే తప్పే అది, దిశ మాత్రమే వేరు.

పరిశోధనలు కూడా ఈ రెండు ముఖాలనూ ఒకేసారి చూపిస్తున్నాయి. ఎన్నో అధ్యయనాలను కలిపి చూసే కోక్రేన్ సమీక్ష 2016లో తేల్చిందిదే. దూరపు చూపులో మోనోఫోకల్, మల్టీఫోకల్ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. దగ్గరి చూపు, కళ్లజోడు లేకుండా గడపడం మల్టీఫోకల్‌తో మెరుగు. వలయాలు, మిరుమిట్లు కూడా దాంతోనే ఎక్కువ. 2013లో ప్రచురితమైన లండన్ అధ్యయనం నాకు ఇంకా విలువైనదిగా కనిపిస్తుంది. 212 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు రెండు కళ్లలోనూ మల్టీఫోకల్. రెండో గుంపుకు మామూలు మోనోఫోకల్ లెన్సులే, కాకపోతే ఒక కంటికి దూరపు పవరు, రెండో కంటికి కాస్త దగ్గరి పవరు. దీన్ని మోనోవిజన్ అంటారు. కళ్లజోడు అసలే అవసరం లేకుండా పోయినవాళ్లు మొదటి గుంపులో 71 శాతం, రెండో గుంపులో 26 శాతం. చాలా పెద్ద తేడా. మల్టీఫోకల్ అమ్మేవాళ్లు ఇక్కడితో ఆపేస్తారు. అదే అధ్యయనంలో మొదటి ఏడాదిలోనే మల్టీఫోకల్ గుంపులో ఆరుగురు ఆ లెన్సు భరించలేక మార్పించుకున్నారు. మోనోవిజన్ గుంపులో ఒక్కరూ లేరు. ఎక్కువమందికి ఎక్కువ ఆనందం, కొద్దిమందికి రెండో ఆపరేషన్. ఆ కొద్దిమందిలో మన ఇంటి మనిషి ఉండకూడదంటే ముందే మాట్లాడుకోవాలి.

"మా పేషెంట్లలో దాదాపు అందరూ మళ్లీ ఇదే లెన్సు ఎంచుకుంటామన్నారు" అనే ప్రచారం గురించి ఒక మాట. అబద్ధమని నేను అనను. కాకపోతే కొత్త లెన్సుకు అనుమతుల కోసం జరిపే పరీక్షల్లో ఎవరిని చేర్చుకుంటారో చూడాలి. రెటీనాలో గానీ కంటి ముందు పొర అయిన కార్నియాలో గానీ జబ్బు ఉన్నవారిని, గ్లాకోమా (నీటికాసులు) ముదిరినవారిని ముందే పక్కన పెడతారు. మన ఆసుపత్రుల వరండాల్లో కూర్చున్నవాళ్లలో ఎంతమందికి అంత ఆరోగ్యమైన కళ్లున్నాయి? 2023లో వెలువడిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది. మధుమేహం రెటీనాను ఏళ్ల తరబడి నెమ్మదిగా తినేస్తుంది. కంట్లో వేసిన లెన్సు ఇరవై, ముప్పై ఏళ్లు అక్కడే ఉంటుంది. ఈ రోజు బాగున్న రెటీనా రేపు కొంత నష్టపోతే, లెన్సు ముందే పంచేసిన వెలుగులో మిగిలేది ఇంకా తక్కువ. అరవై ఏళ్ల షుగరు మనిషికి మల్టీఫోకల్ వేసే ముందు ఓసీటీ స్కాన్‌తో రెటీనా పొరలు చూడకపోవడాన్ని నేను నిర్లక్ష్యమనే అంటాను.

మన పెద్దవాళ్లు ఎందుకు అడగరో నాకు అర్థమవుతుంది. వాళ్ల అమ్మానాన్నలు సోడాబుడ్డి కళ్లద్దాలతో బతికారు. అప్పట్లో శుక్లం తీసేసి లోపల ఏమీ పెట్టకుండా వదిలేసేవారు. ఆ మందపాటి అద్దాల్లో గుమ్మం వంకరగా, మనిషి పెద్దగా కనిపించేవారు. అద్దాలు పోతే చూపు పోయినట్టే. లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ 1949 నవంబర్ 29న మొదటిసారి కంట్లో కృత్రిమ లెన్సు పెట్టారు. యుద్ధంలో పైలట్ల కళ్లలో గుచ్చుకున్న విమానపు పర్‌స్పెక్స్ ముక్కలు కంటికి హాని చేయకుండా ఉండిపోవడం చూసి ఆ ప్లాస్టిక్‌నే ఎంచుకున్నారు. ఆ మొదటి పేషెంటుకు లెన్సు పవరు లెక్క బాగా తప్పి, విపరీతమైన హ్రస్వదృష్టి మిగిలింది. ఆ లెన్సు సామాన్యుడికి చేరడానికి దశాబ్దాలు పట్టింది. 1992లో మదురైలో ఆరోలాబ్ మొదలై చవక లెన్సులు తయారుచేశాకే మన ఊళ్ల శిబిరాల్లోనూ లెన్సు వేయడం మామూలైంది. అది చూసిన తరానికి డాక్టర్ ఏం వేసినా వరమే. కృతజ్ఞతతో తల ఊపుతారు. ఆ తల ఊపడాన్ని ఆసుపత్రులు అంగీకారంగా రాసుకోకూడదు.

నేను కోరేవి పెద్ద కోరికలు కావు. లెన్సు ఎంపిక గురించి మాట్లాడాల్సింది డాక్టర్. ఖరీదైన లెన్సు ఎన్ని అమ్మితే అంత ప్రోత్సాహకం అనే పద్ధతి ఎక్కడున్నా పోవాలి. ధరల పట్టిక చూపించే ముందు నాలుగు ప్రశ్నలు అడగాలి: రాత్రి బండి నడుపుతారా, ఏం చదువుతారు, ఎంత వెలుగులో, కళ్లజోడు మిమ్మల్ని నిజంగా ఎంత ఇబ్బంది పెడుతోంది? నాలుగో ప్రశ్నకు "పెద్దగా ఏమీ లేదండీ" అని జవాబు వస్తే మల్టీఫోకల్ మాట అక్కడితో ఆగిపోవాలి. రాత్రి రోడ్డు మీద వలయాలు ఎలా ఉంటాయో ఫొటో చూపించాలి. చదివే కళ్లజోడు అప్పుడప్పుడూ అవసరం కావచ్చని, లెన్సు సరిపడకపోతే మార్చాల్సి రావచ్చని, దాని ఖర్చు ఎవరు భరిస్తారో కూడా తెలుగులో రాసి ఇవ్వాలి. బీమా ఉన్నవాళ్లు పాలసీలో శుక్లాల ఆపరేషన్‌కు ఎంత పరిమితి ఉందో ముందే చూసుకోవాలి. చాలా పాలసీల్లో ఆ పరిమితి మల్టీఫోకల్ ఖర్చుకు సరిపోదు.

విదేశాల్లో ఉన్న అన్నయ్యలకు, అక్కయ్యలకు ఒక విన్నపం. ఫోనులో "మంచిది వేయించండి" అనే ముందు అమ్మ ఒక రోజులో ఏమేం చేస్తుందో ఆమెనే చెప్పమనండి. మీరు పంపే డబ్బు కంటే ఆ పది నిమిషాలు ఆమె కంటికి ఎక్కువ మేలు చేస్తాయి.

ఇప్పటికే మల్టీఫోకల్ వేయించుకుని ఇబ్బంది పడుతున్నవాళ్లు అంతా అయిపోయిందనుకోవద్దు. 2009లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఇలా అసంతృప్తితో వచ్చిన 32 మందికి చెందిన 43 కళ్లను పరీక్షించారు. ఎక్కువమంది ఫిర్యాదు మసక చూపు. కారణాలు చూస్తే కొద్దిగా మిగిలిపోయిన పవరు, కంటి పొడితనం, లెన్సు వెనక పొర మందమెక్కడం. 35 కళ్లు మామూలు చికిత్సతోనే మెరుగుపడ్డాయి. మూడింటికి మాత్రమే లెన్సు మార్చాల్సి వచ్చింది. కాబట్టి మొదట పొడితనానికి చుక్కల మందు వాడండి, మిగిలిన పవరు ఎంతో కొలిపించుకోండి, రెటీనా స్కాన్ తీయించుకోండి. వెనక పొర మందమైందని యాగ్ లేజర్ చేస్తామంటే మాత్రం ఒక్క క్షణం ఆగి, "లెన్సు మార్చాల్సిన అవసరం రాదని మీకు నమ్మకమేనా?" అని అడగండి. ఆ లేజర్‌తో వెనక పొరకు రంధ్రం పడుతుంది. ఆ తర్వాత లెన్సు మార్చడం చాలా కష్టం, ప్రమాదం కూడా. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా తొందరపెడితే ఇంకో డాక్టర్‌కు చూపించుకోండి.